శబ్దానికి సాక్ష్యం లేదు

రాచగుట్ట కోటలో ఏటా జరిగే మధ్యయుగ సంగీతోత్సవానికి కొత్త నిబంధన పుట్టడానికి మూలకారణం ఒక చేతి గడియారం.

కిందటేడు ఉత్సవంలో మహారాజు వేషం కట్టినాయన ఉత్సవ సంస్థ ఉద్యోగే. సామంతుల మొర ఆలకిస్తూ ఆలకిస్తూ, ఆఖరి బస్సు గుర్తొచ్చి, కంకణం పక్కనున్న గడియారం వంక చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫొటో తీశారు. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల మీద వేశారు. మనిషికి దెబ్బ తగిలితే కట్టు కట్టుకుంటాడు. ఆఫీసుకు దెబ్బ తగిలితే సర్క్యులర్ జారీ చేస్తుంది. నెల తిరక్కుండా ఉత్సవ సంస్థ ఇలా సెలవిచ్చింది:

“ఇకమీదట మధ్యయుగ కార్యక్రమములలో శిలాసాక్ష్యము లేని వస్తువు, వేషము, వాద్యము, క్రియ ఏదియు అనుమతింపబడదు. కోట శిల్పములందు చెక్కబడినది ఉన్నట్లు, చెక్కబడనిది లేనట్లు. ఉల్లంఘించిన బృందములకు పది సంవత్సరముల పాటు ప్రభుత్వ వేదికలన్నియు నిషిద్ధము.”

జిల్లాలోని కళాకారులందరూ ఇది చదివి తలలు పట్టుకున్నారు. తిరునగరి అలివేలు ఒక్కతే సంబరపడి రెండుసార్లు చదువుకుంది.

అలివేలు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్. యాభై రెండేళ్ళ మనిషి. తొమ్మిదేళ్ళ కిందట విద్యార్థులను తీసుకొని రాచగుట్ట కోటకు వెళ్ళి, అక్కడి రాతి మండపంలో ఒక స్తంభం ముందు ఆగిపోయింది. స్తంభం మీద ఐదుగురు వాద్యగాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. కిన్నెర, మద్దెల, పిల్లనగ్రోవి, తాళాలు, కొమ్ము. పిల్లలు ఫొటోలు దిగి కిందికి పోయారు కానీ ఆవిడ పోలేదు. ఈ ఐదూ కలిస్తే ఎట్లా వినిపించేదో వినాలనిపించింది. ఆ కోరికలోంచే ‘శిలానాద బృందం’ పుట్టింది. కిన్నెర తనే పట్టింది. మైసూరు, పుణె, భువనేశ్వర్, కొచ్చి, ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యానేసుకొని వెళ్ళొచ్చారు. సొంత జిల్లాలో మాత్రం ఎవరూ పిలవలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా.

ఆ వాద్యాలన్నీ చేసిపెట్టింది కోట కింద ఊళ్ళో ఉండే వడ్ల బ్రహ్మయ్య. రాతిబొమ్మ బొటనవేలును దారంతో కొలిచి, ముడి వేసి, ఆ ముడిని తన బొటనవేలితో సరిపెట్టి, అదే లెక్కన కిన్నెర దండి పొడవూ మద్దెల నోరూ ఎంతుండాలో తేల్చిన మనిషి. చెక్క ఎంచడానికి ఒక ఏడాది, సొరకాయ బుర్రలు ఎండడానికి ఇంకో ఏడాది పట్టింది. అలివేలు ఎంత అడిగినా ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

“ఏ రాయిని జూసి చేసిన్నో ఆ రాయి ముందర ఐదూ కలిసి మోగాలె బిడ్డా. నేను గూసోని ఇనాలె. గంతే.”

ఆ గంతే అన్నది తొమ్మిదేళ్ళయినా కుదరలేదు. కొలతలు తీసుకోవడం అయ్యేసరికి మండపానికి ఇనుప గేటు, గేటుకు తాళం పడ్డాయి. ఉత్సవం రోజు తప్ప లోపల ఈల వేసినా కేసే. రిహార్సల్సు చూద్దామంటే అవి అరవై కిలోమీటర్ల అవతల అలివేలు ఇంట్లో జరిగేవి, ముసలాయన మోకాళ్ళు బస్సెక్కనివ్వవు. ఈలోగా చెవులు సెలవు తీసుకోవడం మొదలుపెట్టాయి. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదానికి మహా అయితే ఇంకొక ఏడాది అని డాక్టరు చెప్పాడు. చెవిలో పెట్టుకొనే మిషన్ ఇచ్చారు గానీ, అందులో గుయ్యిమనడం తప్ప ఇంకేమీ వినబడటం లేదని దాన్ని బ్రహ్మయ్య ఉలుల పెట్టెలో పడేశాడు.

అందుకని సర్క్యులర్ చూడగానే అలివేలుకు ప్రాణం లేచొచ్చింది. శిలాసాక్ష్యం ఉన్న బృందం రాష్ట్రం మొత్తం మీద తమది ఒక్కటే. ఈసారి పిలవక ఎక్కడికి పోతారని స్తంభం ఫొటోలు, కొలతలు, పటాలు కలిపి పెద్ద ఫైలు తయారుచేసింది.

ఉత్సవ సంస్థ డిప్యూటీ డైరెక్టర్ శేషఫణి గారు ఆ ఫైలును రెండు చేతులా అందుకున్నారు.

“మేడం, తమరి దరఖాస్తు చూసి మా కార్యాలయం పులకించినదని మనవి చేసుకుంటున్నాను. మేము నిబంధన పెట్టాము గానీ, దానికి లోబడగలవారు దొరుకుతారని అనుకోలేదు.”

“మంచి నిబంధన పెట్టిన్రు సార్” అంది అలివేలు మనస్ఫూర్తిగా. “శిల్పంలో ఏముందో అదే ఉండాలె. మేమూ తొమ్మిదేళ్ళ నుంచి అదే చెప్తున్నం.”

శేషఫణి గారు ఆ మాటను కాగితం మీద రాసుకొని ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నారు. మన వేలితో మన కన్నే పొడుచుకున్నామని తర్వాత ఎప్పటికో గానీ తెలియదు.

బుకింగ్ ఖాయమైంది. మాఘ పౌర్ణమి నాడు కచేరి. ప్రామాణికతను చూసుకోవడానికి ఒక కమిటీ వేశారు. అధ్యక్షులు ఆచార్య పరాంకుశం గారు. యూనివర్సిటీ పురావస్తు శాఖలో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరైనాయన. నెమ్మదస్తుడు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు, రాతి మీద లేనిదాన్ని మాత్రం నమ్మడు.

మొదటి మీటింగు హాయిగా సాగింది. పరాంకుశం గారు జాబితా ముందు పెట్టుకొని ఒక్కొక్కటే అడిగారు.

“మైకు?”

“శిల్పములందు కానరాదు” అన్నారు శేషఫణి గారు.

మైకు కొట్టేశారు. అలివేలు తల ఊపింది. ఆ మండపానికి మైకు అక్కర్లేదని ఆవిడకూ తెలుసు. కరెంటు దీపాలు కొట్టేశారు. అందుకని కచేరి సాయంత్రం నాలుగింటికి పెట్టారు. దానికీ ఊపింది. కుర్చీల దగ్గర మాత్రం కొంచెం చర్చ నడిచింది. రాతి మీద ఒక్క రాజుగారే పరుపు మీద బాలీసుకు ఆనుకొని ఉన్నాడు. కాబట్టి ముఖ్య అతిథికి పరుపూ బాలీసూ, మిగతా వాళ్ళకు నేలా అని తేలింది.

“మరి అధికారుల మాటేమిటి?” అని శేషఫణి గారు కాస్త గొంతు సవరించుకొని అడిగారు. “రాజుగారి పక్కన ఒక మనిషి ఉన్నట్టు గుర్తు.”

పరాంకుశం గారు భూతద్దంతో ఫొటో చూశారు. “ఉన్నాడు. నిలబడి ఉన్నాడు. చేతిలో వింజామర ఉంది.”

గదిలో ఎవరూ నవ్వలేదు. శేషఫణి గారు ఒక నిమిషం ఆలోచించి, “సాక్ష్యం ఉన్నప్పుడు తప్పదు కదా” అని తన పేరు పక్కన ‘వింజామర’ అని తనే రాసుకున్నారు. ఆ పెద్దమనిషి నిజాయితీని మాత్రం శంకించడానికి లేదు.

ఫలహారాల్లో మిరపకాయ బజ్జీలు పోయాయి. టీ పోయింది. మండపం చూరు కింద పండు తింటున్న కోతి ఒకటి ఉంది, కనుక పండు ఇవ్వవచ్చు. అది మామిడిపండా జామపండా అన్నది తేల్చడానికి సబ్‌కమిటీ వేశారు. మాఘమాసంలో మామిడిపండ్లు ఎక్కడ దొరుకుతాయని ఒకరు అనేసరికి సబ్‌కమిటీ పది నిమిషాల్లో జామపండే అని తేల్చింది. చప్పట్లు రాతి మీద లేవు. సభలోని జనం కుడిచెయ్యి ఒక్కటి పైకెత్తి ఉన్నారు, కాబట్టి ప్రేక్షకులు ఆనందం వస్తే ఒక చెయ్యి ఎత్తాలి. కళ్ళజోళ్ళు గేటు దగ్గర అప్పగించాలి. ఉపన్యాసాలు ఎగిరిపోతాయేమోనని అందరూ ఆశపడ్డారు గానీ, శాసనాలు ఉన్నాయి కనుక ఉపన్యాసాలు ఉండేవనే లెక్క అని పరాంకుశం గారు తేల్చేశారు.

ఇంతవరకూ అలివేలుకు ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఇంటికెళ్ళి బృందంతో, “మనకు కావల్సినట్టే అయితున్నది” అని కూడా అంది.

పదిహేను రోజుల తర్వాత కమిటీ స్వయంగా మండపానికి వచ్చింది. అలివేలు తన వెంట మద్దెల వాయించే ఓదెలును, పిల్లనగ్రోవి వాయించే నర్సింగాన్ని తీసుకెళ్ళింది. పరాంకుశం గారు స్తంభం ముందు చాలాసేపు నిలబడి, ఓదెలును పిలిచి పక్కన నిలబెట్టారు. రాతిబొమ్మ వంక చూశారు, ఓదెలు వంక చూశారు.

“మీకు రెండు చేతులున్నాయి” అన్నారు.

ఓదెలు తన చేతులు ఒకసారి చూసుకొని, “ఉన్నయి సార్” అని ఒప్పుకున్నాడు.

“శిల్పంలో మద్దెల వాయించే వ్యక్తికి ఎడమచెయ్యి లేదు.”

“అది విరిగింది సార్” అంది అలివేలు. “చెక్కి ఏడొందల ఏండ్లయింది. మోచేతి కాడ విరిగిన గుర్తు కనబడ్తనే ఉన్నది.”

పరాంకుశం గారు ఎంతో ఓపికగా, మంచి విద్యార్థికి చెప్పినట్టు చెప్పారు. “అమ్మా, మీరూ చరిత్ర చదివినవారే. విరిగిందన్నది మన ఊహ. లేదన్నది సాక్ష్యం.”

శేషఫణి గారు ఆ వాక్యాన్ని ఎర్ర ఇంకుతో రాసుకున్నారు. ఓదెలు ఎడమచెయ్యిని నడుం వెనక కట్టుకోవాలని నిర్ణయం అయింది. నర్సింగం పరిస్థితి ఇంకా అన్యాయం. పిల్లనగ్రోవి బొమ్మకు అసలు తలే లేదు. చాలా తర్జనభర్జన జరిగి, ఉన్న తలను తీసేయడం ఆచరణలో కష్టం కనుక, దాని మీద నల్లగుడ్డ కప్పి లేనట్టుగా పరిగణించవచ్చని కమిటీ ఉదారంగా వ్యవహరించింది.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఓదెలు అన్నాడు, “అక్కా, కొమ్ము బొమ్మకు కాళ్ళు లేవు. ఆ సంగతి సార్లు సూడలే. జెర ఎవలూ చెప్పకున్రి.”

ఒంటిచేత్తో మద్దెల, గుడ్డ చాటున పిల్లనగ్రోవి. ఎట్లాగో సర్దుకోవచ్చని బృందంలోని ఐదుగురూ కూడబలుక్కున్నారు. వారం రోజులు అలాగే సాధన చేశారు కూడా. అప్పుడొచ్చింది అసలు కాగితం.

“విషయము: శబ్దము. ప్రస్తావిత కచేరిలో శబ్దము వినియోగింపబడునని మా దృష్టికి వచ్చినది. శిల్పములను పునఃపరిశీలించగా వాద్యములు పట్టుకొనుటకు సాక్ష్యము కలదు గాని, అవి మ్రోగినట్లు సాక్ష్యము లభింపలేదు. కావున శబ్దమును మినహాయించి కార్యక్రమమును యథావిధిగా నిర్వహించవలెను.”

అలివేలు ఆ కాగితం పట్టుకొని పరుగున ఆఫీసుకు వెళ్ళింది. లోపల శేషఫణి గారూ పరాంకుశం గారూ ఇద్దరూ ఉన్నారు.

“సార్, సప్పుడు లేకుంటే కచేరి ఎట్లయితది? వాయించకపోతే వాళ్ళు మద్దెల ఎందుకు పట్టుకున్నట్టు?”

“అది మంచి ప్రశ్న” అన్నారు పరాంకుశం గారు. “పరిశోధించవలసిన ప్రశ్న. కానీ జవాబు దొరికేదాకా మనం తొందరపడకూడదు. పోనీ, మ్రోగింది అనుకుందాం. ఏ శ్రుతిలో మ్రోగింది? ఏ తాళంలో? మీరు వాయించేది వాళ్ళు వాయించిందేనని చూపించగలరా?”

అలివేలు చూపించలేకపోయింది. ఆ సంగతి ఆవిడకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. తాము వాయించేది ఒక ప్రేమతో కూడిన ఊహ అని పుణెలోనూ కొచ్చిలోనూ వేదిక మీదనే చెప్పుకుంది.

“తమరు అన్యథా భావించవద్దు మేడం” అన్నారు శేషఫణి గారు ఓదార్పుగా. “కార్యక్రమం రద్దు కాలేదు. శబ్దం మాత్రమే రద్దయింది. పైగా కదలికకు అనుమతి సాధించాము. చెయ్యి పైనున్న బొమ్మ ఒకటుంది, మద్దెల మీద ఆనిన బొమ్మ ఒకటుంది. కనుక చెయ్యి పైనుంచి కిందికి రావచ్చు. ఆనవచ్చు. మ్రోగరాదు.”

పంతం పట్టి రానంటే గేటు మళ్ళీ ఏడాది దాకా తెరుచుకోదు. ముసలాయన కుడిచెవికి డాక్టరు ఇచ్చిన గడువూ ఆ ఏడాదే అని అలివేలుకు గుర్తొచ్చింది. బ్రహ్మయ్య వినకపోయినా, తను చేసినవి ఆ రాతి ముందు నిలబడగా చూస్తాడు కదా అనుకుంది. ఒప్పుకుంటూ సంతకం పెట్టింది. ఆ సంతకం పెట్టినందుకు తన మీద తనకు అసహ్యం వేసింది.

ముసలాయనకు ముందే చెప్పాలి. ఫోనులో చెబుదామంటే వినబడదు. కచేరికి మూడు రోజుల ముందు బస్సెక్కి రాచగుట్టకు వెళ్ళింది. బ్రహ్మయ్య కొట్టం ముందు కూర్చొని కిన్నెరకు కొత్త బిరడలు చెక్కుతున్నాడు. తంతులు బిగించే ఆ మరలు ఒక్కోటీ నూనె రాసి గుడ్డ మీద ఆరబెట్టి ఉన్నాయి.

“గీ కుడిచెవును కూడవెట్టుకుంట ఒస్తున్న బిడ్డా” అన్నాడు ఆవిడను చూడగానే, చెవిటివాళ్ళ గొంతుతో ఊరంతా వినబడేట్టు. “డీజే వెట్టిన పెండ్లికి పోతలేను. రంపం మిషిని మా పెద్దోనికి ఇచ్చేసిన. సుత్తె గూడ వడ్తలేను. ఉన్నది గింతంత. గది ఆ దినానికి దాస్తున్న.”

అలివేలు సంచిలోంచి కాగితం తీసి, ‘శబ్దం ఉండదు పెద్దనాయినా’ అని రాసింది. రాసి, ఆయన మొహం చూసి, మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. బిరడలు బాగున్నాయని సైగ చేసి, ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేసింది. చదువుకున్న మనిషి, నలుగురికి పాఠం చెప్పే మనిషి, ఒక్క మాట చెప్పలేక పారిపోయి వచ్చింది.

పౌర్ణమి నాడు నాలుగింటికి మండపం నిండిపోయింది. కళ్ళజోళ్ళు అప్పగించి లోపలికి వచ్చినవాళ్ళు స్తంభాలు తడుముకుంటూ కూర్చున్నారు. ముఖ్య అతిథి బాలీసుకు ఆనుకొని, నడుం పట్టేసి, అటూ ఇటూ ఒత్తిగిల్లుతున్నారు. పక్కన శేషఫణి గారు వింజామర పట్టుకొని నిలబడ్డారు. కళ్ళజోడు లేనందున రాసుకొచ్చిన స్వాగతోపన్యాసం చదవలేక, గుర్తున్న మూడు వాక్యాలు చెప్పి ఆపేశారు. మైకు లేదు కనుక ఆ మూడూ రెండో వరుస దాకా కూడా రాలేదు. ఇన్నేళ్ళలో అంత బాగున్న ఉపన్యాసం లేదని అందరూ ఒక చెయ్యి ఎత్తారు.

బ్రహ్మయ్యను ఆయన పెద్దకొడుకు మోసుకొచ్చినంత పనిచేసి మూడో వరుసలో, సరిగ్గా ఆ స్తంభం ముందర కూర్చోబెట్టాడు. ఉతికిన పంచె, కొత్త తలపాగా. కుడిచెవి వేదిక వైపుకు తిప్పి పెట్టుకున్నాడు.

కచేరి మొదలైంది. అలివేలు వేళ్ళు కిన్నెర తంతుల మీద, తగలకుండా, నడిచాయి. ఓదెలు ఒక్క చెయ్యి పైకి లేచి మెల్లగా మద్దెల మీద ఆనింది. గుడ్డ కింద నర్సింగం ఊపిరి బిగబట్టుకున్నాడు. తాళాలు కలవబోయి ఆగాయి. మండపంలో గాలి తప్ప ఏమీ లేదు.

జనం మొదట ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరుసలో పరాంకుశం గారు కళ్ళు మూసుకొని తొడ మీద తాళం వేస్తున్నారు. శేషఫణి గారు తన్మయంగా తల పంకిస్తున్నారు. ఇది చూసి వెనకవాళ్ళూ పంకించడం మొదలుపెట్టారు. “పెద్ద సంగీతం గిట్లనే ఉంటదట” అని ఒకాయన పక్కాయన చెవిలో అన్నాడు. ముఖ్య అతిథి ఒక చోట “ఆహా” అనబోయి, సాక్ష్యం ఉందో లేదోనని మింగేసి చెయ్యి ఎత్తారు. సభంతా చెయ్యి ఎత్తింది.

అలివేలు బ్రహ్మయ్యను చూసింది.

ఆయన మొదట ముందుకు వంగాడు. తర్వాత కుడిచెవిలో వేలు పెట్టి తిప్పాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకొని మళ్ళీ చెవి తిప్పాడు. ఓదెలు చెయ్యి మద్దెల మీద పడటం చూశాడు. చుట్టూ జనం తలలు ఊపడం, చేతులు ఎత్తడం చూశాడు. చెవి పక్కన రెండు వేళ్ళు రాపాడించి చూశాడు, ఆ చిన్న చప్పుడు కూడా అందలేదు. అప్పుడు ఆయనకు అర్థమైంది. అందరికీ వినబడుతున్నది. దాచిపెట్టుకున్నది ఆ దినానికే అయిపోయింది.

ఆయన ఏడవలేదు. తను కూడా, మర్యాద కోసం, అందరిలాగే ఒక చెయ్యి పైకెత్తాడు.

ఆ ఎత్తిన చెయ్యిని చూసి అలివేలు తట్టుకోలేకపోయింది. పదేళ్ళ నిషేధం, మైసూరు, కొచ్చి, తన తొమ్మిదేళ్ళు, ఏవీ గుర్తు రాలేదు. వేలితో తంతిని పట్టి లాగి వదిలింది.

కిన్నెర మోగింది. మండపం దాన్ని అందుకొని నాలుగు మూలలకూ పంచింది. బ్రహ్మయ్య ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఓదెలు ఆవిడ వంక ఒక్కసారి చూసి, నడుం వెనక కట్టు తెంపుకొని రెండో చెయ్యి బయటికి తీశాడు. నర్సింగం గుడ్డ లాగి పారేసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు, ముందు బతకడానికి, తర్వాత ఊదడానికి. తాళాలు కలిశాయి. కొమ్ము లేచింది. ఏడొందల ఏళ్ళు రాతి మీద నిలబడ్డ వాళ్ళ ముందర ఐదు వాద్యాలూ కలిసి మోగాయి.

పరాంకుశం గారి తాళం అప్పటిదాకా సరిగ్గా పడుతున్నది కాస్తా అక్కడ తప్పింది. ఆయన కళ్ళు తెరిచారు. ఏదో అనడానికి నోరు కూడా తెరిచారు, మూసుకోవడం మరచిపోయి చివరిదాకా అట్లాగే విన్నారు. జనం రెండు చేతులతో చప్పట్లు కొట్టారు. అందులో శేషఫణి గారి చేతులూ ఉన్నాయి. వింజామర ముఖ్య అతిథి ఒళ్ళో పడి ఉంది.

ఆ గోలలో అలివేలు బ్రహ్మయ్య దగ్గరికి చేరేసరికి కొడుకు ఆయన్ను లేపి నిలబెడుతున్నాడు. ముసలాయన ఆవిడ చెయ్యి పట్టుకొని గట్టిగా నొక్కాడు. జనం తోసుకొని వచ్చి ఇద్దరినీ విడదీశారు.

పది రోజులకు ఆఫీసు నుంచి కవరు వచ్చింది. అలివేలు నిషేధం కాగితమే అనుకొని చింపింది. కానీ ఆఫీసును తక్కువ అంచనా వేయకూడదు. కమిటీ మూడు రోజులు కూర్చొని, ఎవరికీ నొప్పి తగలకుండా ఒక దారి కనిపెట్టింది.

“పౌర్ణమి నాటి కార్యక్రమములో సాయంత్రము సుమారు నాలుగు గంటల నలుబది నిమిషములకు మండపమున శబ్దము వినబడిన మాట వాస్తవము. బృందమునకు శబ్దము నిషేధింపబడియుండినందున అది బృందము నుండి వెలువడియుండదు. అందుచే సదరు శబ్దము స్తంభముల నుండియే వెలువడినదని కమిటీ నిర్ధారించినది. శిలయే మ్రోగుచున్నందున రాబోవు ఉత్సవములకు వాద్య బృందములను పిలువనవసరము లేదు. ఆ దినమున తాము ఎట్టి శబ్దమును చేయలేదని బృందనాయకురాలు దిగువ సంతకము చేసి పంపినచో నిషేధము వర్తింపదు.”

అడుగున శేషఫణి గారు స్వహస్తాలతో ఒక చీటీ జత చేశారు. “మేడం, దయచేసి సంతకం పెట్టండి. ఇంతకన్నా నేనేమీ చేయలేను. చాలా బాగా వాయించారు. ఈ చీటీ చింపేయగలరు.”

ఓదెలుకు చూపిస్తే, “పెట్టు అక్కా. మనకేం పోతది? కొచ్చి వాళ్ళు పిలిస్తే పోదాం” అన్నాడు. నిజమే, సంతకం పెడితే బృందం బతుకుతుంది. అలివేలుకు మాత్రం చెయ్యి రాలేదు. ఆ కాగితం పట్టుకొని రాచగుట్టకు వెళ్ళింది.

బ్రహ్మయ్య కొట్టం ముందు ఎండలో కూర్చొని ఉన్నాడు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడేదాకా తల ఎత్తలేదు. పలకరిస్తే చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. అది కూడా వెళ్ళిపోయింది. పండగ చూసి పోయినట్టుగా పోయిందని కొడుకు చెప్పాడు. అలివేలు అక్కడే కూలబడి ఏడ్చింది. బ్రహ్మయ్య కాసేపు ఏడవనిచ్చి, ఆవిడ చేతిలోంచి కాగితం లాక్కొని ముక్కు దగ్గర పెట్టుకొని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. చదివి కోపంగా చూశాడు.

“స్తంభాలు మోగినయా?” అన్నాడు. “మూడో తంతి దిగింది బిడ్డా ఆ దినం. నేను ఇనుకుంటనే ఉన్న. కొత్త బిరడ ఇంకా కుదురుకోలే, రెండో పాట నడుమ సగం స్వరం దిగింది. రాయి అయితే ఎందుకు దిగుతది? రాయికి శ్రుతి తప్పది. తప్పిందంటే అది మనిషి చేసిన సప్పుడే.”

అలివేలు కళ్ళు తుడుచుకొని ఆయన ఉలుల పెట్టె మీదే కాగితం పరిచింది. అడిగిన చోట సంతకం పెట్టలేదు. దాని కింద, తనకు వచ్చినంత ఆఫీసు భాషలో, ఇలా రాసింది:

“సదరు శబ్దమును చేసినది మేమే. సాక్ష్యము: రెండవ పాటలో కిన్నెర మూడవ తంతి శ్రుతి దిగుట. అందుకు మాత్రము చింతిస్తున్నాము. సాక్షి: వడ్ల బ్రహ్మయ్య, స్వయముగా చెవితో విన్నవారు.”

కాగితం ఆయన వైపు తిప్పింది. బ్రహ్మయ్య మళ్ళీ మొదటినుంచి చదివి, ‘చెవితో విన్నవారు’ అన్న చోట వేలు ఆనించి కొంచెంసేపు ఉంచి, కలం అడిగి పుచ్చుకొని సంతకం పెట్టాడు.